సంధ్యను ఆకాశంలో వెతకొద్దు: పాత బొమ్మల్లో సందె వేళను చదవడం ఎలా?



నరసింహ జయంతి వీడియో చూసినవాళ్లకి దాని థంబ్‌నెయిల్ గుర్తుండే ఉంటుంది. ముదురు నారింజ రంగు ఆకాశం, కొండ వెనక సగం మునిగిన సూర్యుడు, ముందు నల్లటి నీడలాగా నరసింహ స్వామి. అది నేను చేసిందే. మన ఛానెల్‌లో కథ, శ్లోకం, పూజా విధానం పెద్దవాళ్లు చూసుకుంటారు. ఎడిటింగూ బొమ్మలూ నా వంతు. నేను చదివింది ఇంజనీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఉండేది బాలాపూర్‌లో. చిత్రకళ ఎక్కడా నేర్చుకోలేదు. కాబట్టి ఈ పాఠాన్ని ఒక విద్యార్థి తోటి విద్యార్థులకి చెప్తున్నట్టుగా తీసుకోండి.

ఆ థంబ్‌నెయిల్ చేసేముందు పాత బొమ్మలు వెతికాను. స్వామి అవతరించింది అటు పగలూ ఇటు రాత్రీ కాని సంధ్యా సమయంలో కదా, పాత చిత్రకారులు ఆ సంధ్యని ఎలా గీశారో చూసి అలాంటిదే చేద్దామనుకున్నా. గంటసేపు వెతికా. చీలిన స్తంభం ఉంది. స్వామి ఒళ్లో హిరణ్యకశిపుడు ఉన్నాడు. పక్కన చేతులు జోడించిన ప్రహ్లాదుడు ఉన్నాడు. నేను చూసిన వాటిలో అస్తమిస్తున్న సూర్యుడు మాత్రం లేడు. కథలో అంత ముఖ్యమైన విషయాన్ని ఎలా వదిలేశారు? మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, రిక్వైర్‌మెంట్ మిస్ అయింది అనుకున్నా. చివరికి ఒక సూర్యాస్తమయం ఫొటో తెచ్చి వెనక పెట్టేశా.

మిస్ అయింది నేనే. ఆ సంగతి తెలియడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. కొన్ని బొమ్మలు కొంత నేర్పాయి, మిగతాది మా నానమ్మ నేర్పింది. అదే ఈ వారం పాఠం.

ముందు ఆ మాట సంగతి

బడిలో సంధులు చదువుకున్నాం, గుర్తుందా? 'దేవ', 'ఆలయం' కలిస్తే 'దేవాలయం'. రెండు అచ్చులు కలిసి ఒకటయ్యాక మొదటిది ఎక్కడ ఆగింది, రెండోది ఎక్కడ మొదలైంది అని గీత గీసి చూపించలేం. 'సంధ్య' కూడా ఆ కుటుంబంలోని మాటే. కలిసే చోటు అని అర్థం. తెలుగులో దాని వికృతులు 'సందె', 'సంజ'. 'సంధి'కి వికృతి 'సందు'. అంటే మన గల్లీలో రెండు ఇళ్ల మధ్య ఉండే సందుకీ, పగలు రాత్రి మధ్య వచ్చే సందెకీ చుట్టరికం ఉందన్నమాట.

సైన్సు ప్రకారం సూర్యుడు దిగంతం కిందికి దిగాక 6 డిగ్రీలు కిందికి వెళ్లేదాకా ఉండే వెలుగుని మొదటి దశ సంధ్యగా లెక్కిస్తారు. మన హైదరాబాద్‌లో అది 20 నిమిషాల పైచిలుకు మాత్రమే. ఉత్తర యూరప్ దేశాల్లో ఎండాకాలం గంటల తరబడి సాగుతుంది. ఆ సమయంలో వెలుగు గాలిపొరల్లో చాలా దూరం ప్రయాణించి మన దాకా వస్తుంది. దారిలో నీలం రంగు చెదిరిపోతుంది, ఎరుపూ నారింజా మిగులుతాయి. ఆ ఎరుపునే మనవాళ్లు 'సంజ కెంజాయ' అన్నారు.

ఇక ఇంట్లో చూస్తే, ఆ 20 నిమిషాలకి ఎన్ని నియమాలో! 'అసుర సంధ్య వేళ పడుకోకు, తల దువ్వకు, ఇల్లు ఊడవకు, వీధి తలుపు మూయకు, దీపం పెట్టు.' ఇవి మనందరం తిట్లతో సహా విన్నవే. ఈ నియమాలన్నీ ఒకసారి వరసగా రాసి చూడండి. ఒక్కటీ ఆకాశం వైపు చూడమని చెప్పదు. అన్నీ ఇంటి గురించీ, గుమ్మం గురించీ. దీన్ని గుర్తుపెట్టుకుని బొమ్మల దగ్గరికి వెళ్దాం.

మొదటి బొమ్మ: వెళ్లిపోతున్న ఓడ

ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్ వేసిన 'ది ఫైటింగ్ టెమరేర్'. 1839లో మొదటిసారి ప్రదర్శించారు. ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. టెమరేర్ అనేది 1805 ట్రఫాల్గర్ యుద్ధంలో పోరాడిన తెరచాపల ఓడ. ముసలిదైపోయాక 1838లో దాన్ని విడగొట్టడానికి థేమ్స్ నది మీదుగా లాక్కెళ్లారు. బొమ్మలో ఆ పెద్ద ఓడ తెల్లగా, పాలిపోయి, దెయ్యంలాగా ఉంటుంది. దాన్ని లాగుతున్న ఆవిరి పడవ చిన్నదే, నల్లగా పొగ కక్కుతూ ఉంటుంది. కుడివైపు నీళ్ల మీద భగ్గుమంటూ సూర్యాస్తమయం.

దీన్ని చదవడం తేలిక. సూర్యుడు దిగిపోతున్నాడు, తెరచాపల కాలం దిగిపోతోంది. ఇక్కడ సంధ్య అంటే వీడ్కోలు. నా థంబ్‌నెయిల్‌లో నేను వాడిన ఫార్ములా ఇదేనని తర్వాత అర్థమైంది. సినిమా పోస్టర్లలో, మొబైల్ వాల్‌పేపర్లలో, 'గుడ్ ఈవినింగ్' ఫార్వర్డుల్లో చూసీ చూసీ, సంధ్య అంటే నారింజ ఆకాశం, దానికి అర్థం ముగింపు అని నా కంటికి అలవాటైపోయింది.

అలాగని పడమటి దేశాల వాళ్లందరికీ సంధ్య ముగింపు మాత్రమే అనుకుంటే తప్పు చేసినట్టే. రెండో బొమ్మ చూడండి.

రెండో బొమ్మ: గంట మోగిన పొలం

ఫ్రాన్స్ చిత్రకారుడు మిలే 1857-59 మధ్య వేసిన 'ఏంజెలస్'. పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. సాయంకాలం, ఆలుగడ్డల పొలం. భర్త టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, భార్య చేతులు జోడించింది, ఇద్దరూ తల వంచుకుని నిలబడ్డారు. పక్కన నేలలో గుచ్చిన పంగల కర్ర, కాళ్ల దగ్గర బుట్ట. దూరంగా దిగంతం మీద చర్చి శిఖరం చిన్నగా కనిపిస్తుంది. అక్కడ ప్రార్థన గంట మోగింది, వీళ్లు ఇక్కడ పని ఆపేశారు. అంతే బొమ్మ.

ఆ గంట రోజుకి మూడుసార్లు మోగేది: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. మన త్రికాల సంధ్య గుర్తొచ్చిందా? మతం వేరు, మంత్రం వేరు. కానీ వేళ మారేచోట చేతిలో పని ఆపి నిలబడాలన్న బుద్ధి అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. ఈ బొమ్మ ఎలా పుట్టిందో మిలేనే చెప్పుకున్నాడు. చిన్నప్పుడు పొలంలో పనిచేస్తుంటే గంట వినపడగానే వాళ్ల నానమ్మ అందరి చేతా పని ఆపించి, చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన చేయించేదట.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ బొమ్మకి అసలు కారణం గంట. దాన్ని గీయడం కుదరదు. వాళ్లిద్దరూ నిలబడిన తీరు చూసి గంట మోగిందని మనం తెలుసుకోవాలి. అంటే కనిపించని దాన్ని కనిపించే గుర్తుతో చెప్పాడు. మన చిత్రకారులు ఇదే పని ఇంకో దారిలో చేశారు.

మూడో బొమ్మ: గోధూళి వేళ

హిమాచల్ కొండల్లోని కాంగ్రా వైపు చిత్రకారులు 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో గొప్ప కృష్ణ చిత్రాలు వేశారు. వాటిలో బాగా పేరున్నది 'గోధూళి వేళ' చిత్రం. ఇప్పుడు అమెరికాలో బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ఉంది. వేసినవాడు సంతకం పెట్టుకోలేదు.

బొమ్మలో ఏముందంటే, కృష్ణుడు ఆవుల్ని మేపుకుని ఊళ్లోకి తిరిగొస్తున్నాడు. నీలి ఒళ్లు, పసుపు బట్ట. చుట్టూ ఆవులు, గోపబాలురు. ఊరి వాకిలి దగ్గర ఆవులు ఒకదాన్నొకటి తోసుకుంటూ లోపలికి దూరుతున్నాయి. నీళ్లకి వెళ్లిన ఆడవాళ్లు తలమీద కుండలతో వస్తున్నారు. మిద్దెల మీంచి, కిటికీల్లోంచి ఇంకొందరు తొంగి చూస్తున్నారు.

మొదటిసారి చూసినప్పుడు, 'ఇది సాయంత్రం అని ఎలా తెలుస్తుంది?' అనుకున్నా. టర్నర్ బొమ్మలోలాగా ఆకాశం మండిపోవడం లేదు. మనుషుల నీడలు పొడుగ్గా సాగలేదు. ఆవుల మీద, గోడల మీద వెలుగు ఒకేలా ఉంది. మరి వేళని ఏది చెప్తోంది? ఆవులు చెప్తున్నాయి. అవి ఇంటి వైపు తిరిగాయంటే పొద్దుగూకినట్టే. కుండలు చెప్తున్నాయి. కిటికీలో ఎదురుచూసే ముఖాలు చెప్తున్నాయి. పొద్దంతా అడవిలో ఉన్నవాడు ఇంటికి వస్తున్నాడు, పొద్దంతా ఇంట్లో ఉన్నవాళ్లు కిటికీ దాకా వచ్చారు. రెండు వైపులా కదిలి మధ్యలో కలిసే చోటు ఆ ఊరి వాకిలి. 'సంధి' అంటే ఇదే కదా!

టర్నర్ బొమ్మలో ఓడ వెళ్లిపోతోంది. ఈ బొమ్మలో అందరూ ఇంటికి వస్తున్నారు. ఒకే వేళ, రెండు అర్థాలు.

పాత భారతీయ చిత్రాల్లో సంజ రంగులు అసలే ఉండవని నేను అనట్లేదు. మొఘల్ బొమ్మల్లో, కొండ ప్రాంతపు బొమ్మల్లో దిగంతం మీద సన్నటి నారింజ పట్టీ కనిపించేవి ఉన్నాయి. కానీ వేళ చెప్పే బరువుని ఆ పట్టీ ఒక్కదాని మీదే వేయలేదు. బరువంతా మనుషులు, పశువులు, గుమ్మాలు మోస్తాయి.

మన దగ్గరి ఎర్ర నేల, మన స్వామి గడప

ఇక మన తెలంగాణకి వద్దాం. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ బొమ్మలు మీరు చూసే ఉంటారు. ఊరూరా కథలు చెప్పేవాళ్లు ఆ పొడవాటి పటాల్ని విప్పుతూ పురాణం వినిపించేవారు. గుడ్డకి చింతగింజల అంబలి, సుద్ద కలిపి పూసి, ఆరాక దాని మీద వేస్తారు. వాటి ముఖ్యమైన గుర్తు వెనకవైపు ఉండే నిండు ఎరుపు. కథలో పగలైనా ఎరుపే, రాత్రైనా ఎరుపే. అక్కడ వేళని ఆకాశం చెప్పదు. బొమ్మలోని పని, వస్తువు, పటం పట్టుకున్న మనిషి గొంతు చెప్తాయి.

ఇప్పుడు నా మొదటి ప్రశ్నకి తిరిగి రావచ్చు. హిరణ్యకశిపుడి వరం ఒకసారి గుర్తు చేసుకోండి. ఇంట్లో చావకూడదు, బయట చావకూడదు. పగలు వద్దు, రాత్రి వద్దు. నేల మీద వద్దు, ఆకాశంలో వద్దు. మనిషి వల్ల వద్దు, మృగం వల్ల వద్దు. కోడింగ్ చేసేవాళ్లకి తెలుస్తుంది, ఇది అన్ని కండిషన్లూ మూసేశామనుకునే ప్రోగ్రాం లాంటిది. స్వామి ఏ కండిషన్‌నీ అబద్ధం చేయలేదు. ప్రతి రెండింటి మధ్యా ఉన్న సందులో నిలబడ్డాడు. లోపలికీ బయటికీ మధ్య గడప. నేలకీ ఆకాశానికీ మధ్య తొడ. మనిషికీ మృగానికీ మధ్య నరసింహం. పగటికీ రాత్రికీ మధ్య సంధ్య.

ఆ నాలుగూ నిజానికి ఒకటే మాట. చిత్రకారుడు గడపని గీస్తే సంధ్యని గీసినట్టే. స్వామి రూపాన్ని గీస్తే సంధ్యని గీసినట్టే. సగం మనిషి సగం సింహం అయిన ఆ ఒళ్లే సంధ్య! నేను గంటసేపు ఆకాశంలో వెతికింది బొమ్మ మధ్యలోనే కూర్చుని ఉంది. దాన్ని నల్లటి నీడగా మార్చేసి, వెనక సూర్యుణ్ణి పెట్టింది నేను. అంటే ఉన్న సంధ్యని చెరిపేసి, లేని సంధ్యని అతికించానన్నమాట.

నానమ్మ చెప్పింది

బాలాపూర్ అనగానే అందరికీ గణేశుడి లడ్డూ వేలమే గుర్తొస్తుంది. 1994లో 450 రూపాయలతో మొదలై లక్షలకి చేరిన వేలం అది. మా నానమ్మని అడిగితే మాత్రం బాలాపూర్ అంటే చెరువు, చేన్లు, మా ఇంటి నాలుగు బర్రెలు అంటుంది. ఇప్పుడు మా గల్లీలో బర్రెలు లేవు, సగం ఇళ్లకి మూడంతస్తులు లేచాయి. నానమ్మకి కంట్లో నీటికాసులు. కుడి కన్ను పూర్తిగా పోయింది. ఎడమ కంటికి ట్యూబ్‌లైటూ పగటి వెలుగూ ఒక్కలాగే ఉంటాయట. అందుకే పొద్దుగూకిందో లేదో మమ్మల్ని అడుగుతుంది.

పోయిన చలికాలం అక్క కాన్పుకి అమ్మ బెంగళూరు వెళ్లి మూడు నెలలు ఉంది. నాన్న ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిది. ఇంట్లో నేనూ నానమ్మా. నాకు అమెరికా వాళ్లతో కాల్స్ సాయంత్రమే మొదలవుతాయి. ఆ రోజుల్లో మన దగ్గర ఆరులోపే పొద్దుగూకుతుంది. నేను హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటే హాల్లోంచి రోజూ అదే ప్రశ్న.

'దీపం వెట్టినవా బిడ్డా?'

'పెట్టిన నానమ్మా.'

మొదటివారం నిజంగానే పెట్టాను. తర్వాత కాల్ అయ్యాక పెడదాంలే అనుకుని 'పెట్టిన' అన్నాను. ఆ తర్వాత పెట్టకుండానే అనడం అలవాటైపోయింది. ఆమెకి ఎలాగూ కనపడదు కదా అనుకున్నా. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. దీపం గొప్పదనం గురించి వీడియోలు ఎడిట్ చేసేవాణ్ణి, ఇంట్లో దీపం గురించి అబద్ధం చెప్పాను. అదీ కళ్లు కనపడని మనిషికి.

అమ్మ తిరిగొచ్చిన చాలా రోజులకి, గోధూళి బొమ్మ గురించి ఈ పాఠం రాసుకుంటూ నానమ్మకి ఆ బొమ్మని మాటల్లో వర్ణించి చెప్పాను. ఆవులు, వాకిలి, కుండలు, కిటికీలో ఆడవాళ్లు. 'కానీ నానమ్మా, సాయంత్రం అని తెలిసేటట్టు సూర్యుణ్ణి వేయలేదు' అన్నా. ఆమె నవ్వింది.

'పొద్దుగూకేటప్పుడు సూర్యుణ్ణి సూశేటోడెవడు బిడ్డా? బర్రెలు ఇంటికొస్తయి. దూడలు ఒర్రుతయి. పాలు పిండాలె, పొయ్యి ముట్టియ్యాలె. దుమ్ము వాసన వస్తె సందె అయినట్టే.'

నేను నెలలపాటు చదివి తెలుసుకున్నది ఆమె మూడు ముక్కల్లో చెప్పేసింది. తర్వాత కాసేపు ఆగి, ఇంకో మాట అంది.

'నువ్వు దీపం వెట్టని దినాలు గూడ నాకు ఎరుకే.'

నాకు నోట మాట రాలేదు. 'ఎట్ల తెలిసింది?' అన్నా కాసేపటికి.

'అగ్గిపుల్ల సప్పుడు రాలే. నూనె వాసన రాలే.'

'మరి అడగలేదేంది నానమ్మా?'

'పనిల ఉంటివి. నీ బదులు నేనే మనసుల వెట్టుకున్న.'

కోపంగా అనలేదు. మామూలుగా అంది. అందుకే ఎక్కువ తగిలింది. కాంగ్రా చిత్రకారుడి లాగా ఆమె కూడా వెలుగుతో పని లేకుండా సంధ్యని తెలుసుకుంటోంది. వాసన, చప్పుడు, ఇంట్లో మనిషి కదలిక, ఇవే ఆమెకి గుర్తులు. ఆ గుర్తుల్ని ఆమె దగ్గర్నుంచి తీసేసింది నేను. మూడు నెలలు ఆమెకి సందె వేళ లేకుండా చేశాను.

ఇప్పుడు టీమ్‌ని అడిగి సాయంత్రం కాల్‌ని 15 నిమిషాలు వెనక్కి జరిపించుకున్నా. అన్ని రోజులూ కుదరట్లేదు, నిజం చెప్పాలి. వారంలో మూడు రోజులు నేను పెడతా, మిగతా రోజులు అమ్మ. నేను పెట్టిన రోజు అగ్గిపెట్టె నానమ్మ మంచం దగ్గరే గీస్తా, ఆమెకి వినపడేలాగ.

మీరు చేయాల్సింది

ఏ సందె బొమ్మ చూసినా మూడు ప్రశ్నలు వేసుకోండి.

1. ఇది సందె అని నాకు ఏది చెప్పింది? ఆకాశమా, లేక మనుషులు, పశువులు, వస్తువులా?

2. ఇందులో ఎవరైనా వెళ్లిపోతున్నారా, తిరిగి వస్తున్నారా, ఆగి నిలబడ్డారా? టర్నర్ ఓడ, కాంగ్రా ఆవులు, మిలే రైతులు ఈ మూడింటికీ ఉదాహరణలు.

3. గుమ్మం ఎక్కడుంది? వాకిలి, గడప, కిటికీ, ఊరి పొలిమేర, నది ఒడ్డు, ఏదైనా సరే, రెండు కలిసే చోటు. మన చిత్రాల్లో అర్థం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

బొమ్మలు నేరుగా చూడాలనుకుంటే దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు ఉన్నవాళ్లకి సాలార్‌జంగ్ మ్యూజియం దూరమేమీ కాదు. మూసీ ఒడ్డున ఉంటుంది, శుక్రవారం సెలవు. అక్కడ మన సూక్ష్మచిత్రాలూ ఉన్నాయి, యూరప్ చిత్రాలూ ఉన్నాయి. ఒకే రోజు రెండు గదులూ చూసి, ఈ మూడు ప్రశ్నలు రెండుచోట్లా వేసి చూడండి. రాజమండ్రి వెళ్తే దామెర్ల రామారావు గారి పేరిట ఉన్న చిత్రశాల తప్పక చూడండి. 1897లో పుట్టి, 28 ఏళ్లు నిండకుండానే 1925లో వెళ్లిపోయిన మన చిత్రకారుడు ఆయన. ప్రకృతి చిత్రాలూ వేశారు, పురాణ చిత్రాలూ వేశారు. దాదాపు నా వయసుకే అంత పని చేశారంటే నమ్మబుద్ధి కాదు.

ఇంటి పని ఒకటి. ఈ వారంలో ఒక్క సాయంత్రం ఫోన్ లోపల పెట్టి, ఆకాశం ఫొటో తీయకుండా, మీ ఇంట్లో సందె అయిందని ఏయే గుర్తులు చెప్తున్నాయో ఒక కాగితం మీద రాయండి. కుక్కర్ విజిలా, గుడి మైకా, ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలా, అగరొత్తి వాసనా? అవే మీ ఇంటి గోధూళి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే, వాళ్ల చిన్నప్పుడు ఏ గుర్తులుండేవో అడిగి పక్కన రాయండి.

నరసింహ జయంతి థంబ్‌నెయిల్ మార్చేశాను. సూర్యుణ్ణి తీసేసి, స్వామిని ముందుకు తెచ్చి, కాళ్ల కింద గడప పెట్టాను. గడపకి పసుపు, కుంకుమ బొట్లు, ఒక మూల చిన్న దీపం. నానమ్మకి వర్ణించి చెప్తే, 'గడప ఉంటె సాలు' అంది.

వచ్చే వారం ప్రదోష కాలం గురించి, శివుడి సంధ్యా తాండవం గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు. నమస్కారం.